కెజియావన్నీ నిద్రించినయి

ఆగస్టు 3, ఆదివారం

కంటి డాక్టరు కొన్నాళ్లు చదవొద్దు, రాయొద్దు అన్నాడు. ఎడమ కంట్లో శుక్లం తీసి కొత్త అద్దం పెట్టాడు. కుడి కన్ను ఏ పాపం చేసిందని దానికీ సెలవు? ఈ డైరీ కుడి కంటితో రాస్తున్నాను. ఆయన దీన్ని చదవడు కాబట్టి ఆయన మాట జవదాటినట్టు కాదు.

ఈ రోజు ఆరాధనలో క్వయర్ ఘోరం. రెండో కీర్తనలో ఎవరో శ్రుతి తప్పారు, మళ్లీ దారికి రాలేదు. హార్మోనియం ముందున్న పాస్టర్ ఎలీషా మొహం పచ్చి చింతకాయ కొరికినట్టు అయింది. ఎవరి పని అన్నదాంట్లో నాకు అనుమానం లేదు. సాముయేలు. ఆర్టీసీలో జీవితమంతా ‘రైట్ రైట్’ అని అరిచిన గొంతు. రిటైరయ్యాక దాన్ని కీర్తనలు పాడమంటే ఎంతవరకు పాడుతుంది?

పైగా ఈ రోజు అతను నా పక్క బెంచీ వదిలి అటు గోడ పక్కకు పోయి నిలబడ్డాడు. కారణం నాకు తెలుసు. దోమలు.

పోయిన నెల అతని మనవరాలికి డెంగ్యూ వచ్చింది. ప్లేట్‌లెట్లు పడిపోయి దవాఖానలో ఉండి, ఇప్పుడు ఇంటికొచ్చింది. పసిదానికి ఆపద తప్పింది, స్తోత్రం. తాతకు మాత్రం దోషి కావాలి. దొరికిన దోషి మా మనవరాలు కెజియా.

కెజియా మలేరియా మీద పరిశోధన చేస్తుంది. దాని సంస్థ వాళ్లు మా ఊరు చిన్న మంగళారం పొలిమేరలో ఒక ఫాంహౌస్ కిరాయికి తీసుకుని దోమల గది కట్టారు. తల్లిదండ్రులు చేవెళ్లలో ఉంటే, గది దగ్గరని ఇది నా దగ్గర ఉంటున్నది. నా వంట తింటూ, దోమలకు చక్కెర నీళ్లు పెడుతూ. నాకంటే వాటికి ఎక్కువ మర్యాద.

మలేరియా దోమ వేరు, డెంగ్యూ దోమ వేరు. ఈ సంగతి సాముయేలుకు ఎవరైనా చెప్పాలి. నేను చెబుతానంటే కెజియా వద్దంది. నేను చెప్పే పద్ధతి మీద మా ఇంట్లో ఒక అభిప్రాయం ఉంది.

ఆగస్టు 4, సోమవారం

దోమల గది తీసేయాలని సంతకాల కాగితం తిరుగుతున్నదట. మొదటి సంతకం సాముయేలుది, రెండోది ఆయన భార్యది, మూడోది ఎవరిదో తెలియదు అని పక్కింటి మారెమ్మ చెప్పింది. మూడోది మారెమ్మదే.

ఆగస్టు 6, బుధవారం

ఈ రోజు నేను మనిషిని కాను. గాల్లో ఉన్నాను.

కెజియా నన్ను దోమల గదికి తీసుకుపోయింది. రెండు తలుపులు. ఒకటి పూర్తిగా మూసుకున్నాకే రెండోది తెరవాలి. మధ్యలో అద్దం ముందు నిలబడి వీపు మీద ఏదీ కూర్చోలేదని చూసుకోవాలి. దోమలున్న లోపలి గదిలోకి నన్ను పోనివ్వలేదు. బయటి గదిలో మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టింది.

చేవెళ్ల జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పినంత కాలం ఏటా నల్లబల్ల మీద అదే బొమ్మ గీశాను. ఎడమ పక్క మనిషి, కుడి పక్క దోమ, చుట్టూ బాణాలు. పిల్లలకు బాణాలు గుర్తుండేవి, ఎటు పోతాయో గుర్తుండేది కాదు. దోమ లాలాజల గ్రంథిలో చేరే మలేరియా క్రిమిని, స్పోరోజాయిట్‌ను, సుద్దముక్కతో కొడవలిలా గీసేదాన్ని. ఒక్కసారి కూడా చూడలేదు. మా కాలేజీ మైక్రోస్కోపులో ఉల్లిపాయ పొర తప్ప ఏదీ కనబడేది కాదు, అదీ ఎండ బాగా ఉంటే.

ఈ రోజు చూశాను. కుడి కంటితో. సన్నగా, నేను గీసినదానికంటే ఎంతో సన్నగా, వెంట్రుక ముక్క వంచినట్టు. కదులుతున్నాయి! గుండ్రంగా జారుతూ తిరుగుతున్నాయి. నేను అరిచానట.

“అవ్వా, మెల్లగ! ఇది లాబ్. క్వయర్ గాదు.”

“నేను క్వయర్ల అరుస్తనా?”

కెజియా మైక్రోస్కోపు మీదికి వంగింది. స్లయిడు సర్దుకుంటూ ఉంది. పనిలో ఉన్న పిల్ల, వినలేదనుకుంటాను.

ఇది ఎలుకలకు వచ్చే మలేరియా, మనుషులకు అంటదు. అయినా రెండు తలుపులు. దోమ తప్పించుకోవడం ఇక్కడ పరువు తక్కువ పని.

ఇంటికొచ్చాక కూడా అన్నంలో కొడవళ్లు కనబడ్డాయి. రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

ఆగస్టు 8, శుక్రవారం

మాజీ సర్పంచ్ సత్తయ్య ఇంటి ముందు కూడారు. పదవి పోయినా పంచాయితీ అతని అరుగు వదిలిపోలేదు. కెజియా చక్కగా చీర కట్టుకుని వచ్చి వివరించింది. వివరించడంలోనే వచ్చింది తంటా. “ఒక్కొక్క పారసైట్‌ల జీన్ ఎక్స్‌ప్రెషన్ చూస్తున్నం” అన్నది.

టెంట్‌హౌస్ హన్మయ్య చెయ్యెత్తాడు. “ఎక్స్‌ప్రెషన్ అంటె మొకంల కనపడేదే గద బిడ్డా. దోమకడుపుల పురుగుకు మొకమెక్కడిది?”

నేను సాయానికి పోయాను. “జన్యు వ్యక్తీకరణ” అన్నాను. దాంతో అర్థమైన కొంచెం కూడా పోయింది.

సాముయేలు లేచాడు. “నాకు ఇంగ్లీషొద్దు, గ్రాంథికమొద్దు. నా మనుమరాలు దవాఖానల సెలైన్ మీదుంటె నేను పక్కన కూసున్న. ఊర్ల దోమలు చాలవని పెంచుతరా? గంతే నా ప్రశ్న.”

మంచి ప్రశ్నే. దానికి మంచి జవాబు కూడా ఉంది. కెజియా నోరు తెరిచింది. ఆ లోపల నా నోరు తెరుచుకుంది.

“సామేలూ, డెంగ్యూ దోమకు నీ ఇంటెనుక కూలర్ల పాత నీళ్లు చాలు. అది మా కెజియా పర్మిషన్ అడగలే. ఇన్నేండ్లు టికెట్లు కొట్టినవ్, ఏ బస్సు ఏడికెళ్లి వచ్చిందో చెప్తవ్ గని, ఏ దోమ ఏడికెళ్లి వచ్చిందో తెల్వదా?”

అందరూ నవ్వారు. హన్మయ్య తొడ చరిచాడు. సాముయేలు నవ్వలేదు. కండువా దులుపుకుని వెళ్లిపోయాడు.

దారంతా కెజియా నాకంటే నాలుగు అడుగులు ముందే నడిచింది. ఇంటి గేటు దగ్గర అన్నది: “అవ్వా, నువ్వు గెలిచినవ్. నేను ఓడిపోయిన.”

చీకటి పడకముందే ఫాంహౌస్ యజమాని సీతారామారావు గండిపేట నుంచి ఫోన్ చేశాడు. “ఊరితో గొడవ పెట్టుకుని నేనేం చేసుకోనండీ మేడమ్. పదిహేడో తారీఖు ఆదివారంలోగా పెద్దలు సరేనంటే సరి. లేదంటే అమ్మాయిని గది ఖాళీ చెయ్యమనండి.”

గది పోతే కెజియా చదువు పోయినట్టే. ఇప్పుడున్న దోమల విడత ఒక్కటే చాలదు. ఇంకో రెండు విడతలైనా కావాలి. కొత్త గది కట్టేసరికి దానికి ఇచ్చిన గడువు అయిపోతుంది. ఇవన్నీ అది చెప్పలేదు. అన్నం దగ్గర పెరుగు వేసుకోలేదు, అంతే.

కూలర్ మాట నిజమే. నిజం చెప్పడం తప్పు కాదు. బస్సు మాట కూడా నిజమే.

ఆగస్టు 9, శనివారం

బస్సు మాట అనకుండా ఉండాల్సింది.

ఆగస్టు 10, ఆదివారం

సాముయేలు ఇంకో బెంచీ వెనక్కి పోయాడు. ఇట్లాగే కొనసాగితే క్రిస్మస్‌కు బయట బావి దగ్గర నిలబడి పాడతాడు. క్వయర్ ఇంకా ఘోరం. అతను లేని పక్కనే శ్రుతి ఎక్కువ పోతున్నది, విచిత్రం.

మా చర్చి స్త్రీల మైత్రి వాట్సాప్ గ్రూపులో నిన్నంతా దోమల యుద్ధమే. సాముయేలు భార్య ఒక మాట, నేను ఒక మాట, (సరే, నేను నాలుగు). పాస్టర్ ఎలీషా ఆరాధన అయ్యాక గట్టిగా చెప్పాడు: ఇక మీద గ్రూపులో ‘దోమ’ అన్న మాట రాయకూడదు. ప్రార్థన అవసరతలు మాత్రమే రాయాలి.

మధ్యాహ్నం కెజియా నాకు తన పని మొదటి నుంచి చెప్పింది. మొన్న సత్తయ్య అరుగు మీద చెప్పాల్సినట్టు చెప్పింది.

“ఇంతకుముందు ఏం చేసేటోళ్లంటె అవ్వా, బోలెడు దోమల గ్రంథులు కలిపి నూరి, అండ్ల ఏ జీన్లు పనిచేస్తున్నయని చూసేటోళ్లు. అందరిది కలిపి ఒక్కటే లెక్క వచ్చేది. ఇప్పుడు మేం ఒక్కొక్క పరాన్నజీవిని పట్టి ఒక్కొక్క గుంటల వేస్తం. ఇడ్లీ ప్లేటు లెక్క, గని చీమలకు ఇడ్లీలు వేసే ప్లేటు. అప్పుడు దేంట్ల ఏ జీను మాట్లాడుతున్నదో, ఏది నోరు మూసుకున్నదో వేరు వేరుగ తెలుస్తది.”

“ఒకే దోమల ఉన్నయి ఒకే తీరుగ ఉండవా?”

“అదే గమ్మతు. కొన్ని రేపే బయలుదేరుతం అన్నట్టు మూటముల్లె సర్దుకుని ఉంటయి. కొన్నిట్ల పాటంత రాసి ఉంటది, గని పాడవు. సమయమొచ్చేదాంక మూగగ ఉంటయి.”

పాట అన్నది. నేను కూర్చున్న చోట నుంచి లేచాను. “క్వయర్!” అన్నాను. “అందరు కలిసి పాడితె క్వయర్ బాగలేదని తెలుస్తది గని, ఎవరు చెడగొడుతున్నరో తెల్వదు. ఒక్కొక్కరితోని పాడిస్తే దొరుకుతరు!”

కెజియా నన్ను అదోలా చూసింది. “ఔ అవ్వా,” అన్నది. “దొరుకుతరు.”

మొన్ననే ఈ ఉపమానం తట్టి ఉంటే! సాముయేలుతో ఒంటరిగా పాడిస్తే సైన్సూ తెలిసేది, దొంగా దొరికేవాడు.

ఆగస్టు 12, మంగళవారం

వానకు కరెంటు పోయి వస్తున్నది. కెజియా దోమల గది చల్లగా ఉండాలి. వేడెక్కితే లోపలి పరాన్నజీవులు చస్తాయి, అంతా వృథా. జనరేటర్ ఒకటే, అదీ దగ్గుతున్నదట. నేను గ్రూపులో ప్రార్థన కోరాను.

‘దోమ’ అనకుండా దోమల కొరకు ప్రార్థన కోరడం పెద్ద విద్య. “కెజియావాటి కొరకు” అన్నాను. అందరికీ అర్థమైంది, సాముయేలు భార్య కూడా చేతులు జోడించిన బొమ్మ పెట్టింది.

కన్ను వల్ల టైపు చేయడం లేదు, ఫోనుకు నోటితో చెబుతున్నాను. దానికి మన తెలుగు రాదు. ‘జర ప్రార్థన చేయున్రి’ అంటే ‘జ్వరం ప్రార్థన చేయండి’ అని రాసింది. ఎవరికి జ్వరం, ఎంత జ్వరం అని ఫోన్ల మీద ఫోన్లు. మారెమ్మ కషాయం తెచ్చింది. వద్దనకుండా తాగాను. సంతకం చేసినదాని కషాయం, చేదు తక్కువేమీ లేదు.

ఆగస్టు 15, శుక్రవారం

కెజియా గది దగ్గరే ఉండిపోయింది. రేపు దోమలను కోస్తారు. సీతారామారావు గడువు ఎల్లుండి. నాకు ఏ దిగులూ లేదు. పాలు రెండుసార్లు పొంగిపోయాయి.

ఆగస్టు 16, శనివారం

ఈ రోజు సంగతి వరసగా రాయాలి. నవ్వు ఆగితే.

పొద్దున కెజియా ఫోన్. ఊపిరి ఆడకుండా చెబుతున్నది. “అవ్వా! అయిపోయింది! దోమలన్నిటిని ఐస్ మీద నిద్రపుచ్చినం. గ్రంథులు తీసినం. ఒక్కోటి ఒక్కో గుంటల పడ్డది! ఒక్కటి గుడ తప్పించుకోలే! ప్లేట్లు ఐస్ పెట్టెల పెట్టుకుని స్కూటీ మీద సిటీకి పోతున్న. నడుమ ఇంటికొస్త, నీకు చూపిస్త, ఇంత తిని పోత.”

నేను ఎగరలేదు గాని, ఎగిరినంత పని చేశాను. ప్రార్థించినవాళ్లకు కబురు చెప్పాలి కదా. ‘దోమ’ అనకూడదు. ఫోను నోటి దగ్గర పెట్టుకుని, మైత్రి గ్రూపు కాబట్టి కొంచెం గౌరవమైన మాటలతో, ఇలా చెప్పాను:

“మన కెజియావన్నీ పొద్దుగాల నిద్రించినయి. మీ ప్రార్థనలకు వందనాలు. పగటీలి ఐస్ పెట్టెల ఇంటికొస్తయి. ఎవ్వరు ఫికర్ చేయకున్రి.”

కన్ను వల్ల వెనక్కి చదవలేదు. పంపి, ఫోను చార్జింగ్ పెట్టి, కెజియాకు కోడికూర, బగారా అన్నం చేయడానికి వంటింట్లోకి పోయాను. మిక్సీ, కుక్కర్, బయట వాన చినుకులు. లోకం నాకు వినబడలేదు.

కూర దించేసరికి గేటు దగ్గర పాట. మనుషులు పోయినప్పుడు పాడే కీర్తన. సాముయేలు బేస్ గొంతు అందరికంటే కింద, నేల లోపలి నుంచి వచ్చినట్టు. అయ్యో, వాడకట్టులో ఎవరో పోయారు, నాకు కబురే రాలేదు అనుకుని గరిటె పట్టుకునే బయటికి వచ్చాను. సగం ఊరు నా గేటు ముందు తలలు వంచుకుని నిలబడి ఉంది. శవయాత్ర ఇటు పోతూ ఆగిందనుకున్నాను. మర్యాద కోసం గరిటె అరుగు మీద పెట్టి, రెండో చరణం అందుకున్నాను.

నా గొంతు కలవగానే వాళ్ల గొంతులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. నా నిబ్బరం చూసి పాట మరిచిపోయారట. నిబ్బరమనే అనుకుందాం.

మారెమ్మ వచ్చి నన్ను వాటేసుకుంది. “అవ్వో, నీ గుండె గుండె గాదే, రాయి!”

“ఎవరే పోయింది?” అని మెల్లగా అడిగాను.

“ఇంకెవరవ్వా. మన కెజియా.”

“ఏ కెజియా?”

మారెమ్మ ఏడుపు ఆపి నన్ను చూసింది. “మనకెందరు కెజియాలున్నరు?”

“ఒక్కతే.”

“ఆ ఒక్కతే.”

స్కూటీ మీద వస్తానన్నది. చేవెళ్ల రోడ్డు. లారీలు. వాన.

ఆ కొంచెంసేపు గురించి రాయను.

హారన్ వినబడింది. జనం పక్కకు జరిగితే వచ్చింది స్కూటీ. దాని మీద హెల్మెట్ పెట్టుకుని, కాళ్ల మధ్య ఐస్ పెట్టె పెట్టుకుని, నా మనవరాలు. ఎవరో కెవ్వున అరిచారు. పాస్టర్ ఎలీషా బైబిలు గుండెకు హత్తుకున్నాడు. ట్రాలీ ఆటోలోంచి కుర్చీలు దించుతున్న హన్మయ్య నాలుగు కుర్చీలు కాళ్ల మీద వేసుకున్నాడు.

కెజియా హెల్మెట్ తీసి జనాన్ని చూసి గొంతు తగ్గించింది. “ఎవరు పోయిన్రన్నా?”

“నువ్వే బిడ్డా,” అన్నాడు హన్మయ్య.

నేను పోయి దాని మొహం రెండు చేతులతో పట్టుకున్నాను. మసాలా చేతులు. దాని కళ్లు మండి నీళ్లు వచ్చాయి. నాకు ఎందుకు వచ్చాయో కంటి డాక్టరును అడగాలి.

పాస్టర్ నా సందేశం అందరి ముందూ చదివాడు. ఫోను రాసింది ఇది: “మన కెజియా వాణి పొద్దుగాల నిద్రించినది. మీ ప్రార్థనలకు వందనాలు. పగటిపూట ఐస్ పెట్టెలో ఇంటికి వస్తుంది. ఎవరూ ఫికర్ చేయకండి.”

మా సంఘంలో ‘నిద్రించుట’ అంటే ఏమిటో పసిపిల్లకు కూడా తెలుసు. సమాధుల తోటలో ప్రతి రాయి మీదా అదే మాట. గౌరవంగా చెబుదామనుకున్నాను. నిజానికి మాట తప్పు కాదు, దోమలు నిజంగానే పోయాయి.

“వాణి ఎవరమ్మగారూ?” అన్నాడు పాస్టర్. “పిల్లకు ఇంకో పేరున్నదని నేను ప్రార్థనల గుడ కెజియా వాణి అనే అన్న.”

మొదట నవ్వింది ఎవరో తెలుసా? సాముయేలు. నేల మీద కూలబడి, కండువా మొహానికి అడ్డం పెట్టుకుని, ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియకుండా ఊగిపోయాడు. “సంతకం చేసిన చేత్తోనే ఆ పిల్ల మీద మన్ను వెయ్యాల్నా అనుకుంట వచ్చిన టీచరమ్మా,” అన్నాడు. “వానల చెప్పుల్లేకుండ ఉరికిన.”

చూశాను. చెప్పుల్లేవు.

“టికెట్ల మాట నేను అనకుండ ఉండాల్సిండె, సామేలూ,” అన్నాను. జనం ముందే అన్నాను. అన్న మాట జనం ముందు, తీసుకునే మాట చాటున, అది నా పద్ధతి కాదు.

“కూలర్ నీళ్లు మొన్ననే పారబోసిన,” అన్నాడు నేల చూస్తూ. “పురుగులుండె.”

కుర్చీలు వచ్చాయి, జనం ఉన్నారు, వాన ఆగింది. సత్తయ్య కూర్చుని, “మరి ఆ పెట్టెల ఏమున్నదో చూపియ్యి బిడ్డా, ఇంత దూరం ఏడ్సుకుంట వచ్చినం” అన్నాడు. కెజియా మూత తెరిచింది. తెల్లటి పొగ లేచింది. ముందు వరుస వెనక్కి, వెనక వరుస ముందుకి. చీమల ఇడ్లీ ప్లేటు చూపించింది.

“ఒక్కొక్కదాన్ని వేరుగ ఎందుకమ్మా?” అన్నాడు సత్తయ్య. “అన్నీ మలేరియానే గద.”

నా ఘడియ వచ్చింది. లేచి నిలబడ్డాను. “మన క్వయర్ ఈ నడుమ బాగలేదని అందరికెరుకే. ఎవరి వల్లనో ఎవరికన్న ఎరుకనా? లేదు. కలిసి పాడుతున్నరు గాబట్టి. ఇప్పుడు ఒక్కొక్కరు అదే ఒక్క వాక్యం పాడున్రి. కెజియా చేసే పని గిదే.”

పాడారు. పాస్టర్ భార్య బాగా పాడింది. సాముయేలు భార్య బాగా పాడింది. హన్మయ్య క్వయర్లోనే లేడు, అయినా పాడాడు. చివరికి సాముయేలు లేచాడు. నేను జనం వైపు తిరిగి కనుబొమ్మలెగరేశాను, ఇక వినండి అన్నట్టు.

గంట కొట్టినట్టు పాడాడు. నాకు కోపం వచ్చేటంత శుభ్రంగా.

“ఇట్లనే,” అన్నది కెజియా, “ఏ పరాన్నజీవి తయారున్నది, ఏది ఇంక నిద్రలున్నది అని వేరు వేరుగ తెలిస్తే, దాన్ని ఏడ ఆపాల్నో, మందు ఏడ పనిచేస్తదో దొరుకుతది. ఎప్పటికన్న మనుషుల మలేరియాకు గుడ.”

“తెలిసింది,” అన్నాడు సత్తయ్య. “మరి క్వయర్ల దొంగ దొరకలేదు?”

“ఒకరు మిగిలిన్రు,” అన్నాడు సాముయేలు. మెత్తగానే అన్నాడు. “టీచరమ్మ.”

పాడాను.

వేపచెట్టు మీద కాకి ఒకటి అరిచింది. అది శ్రుతిలోనే ఉందని హన్మయ్య అన్నాడు.

“టీచరమ్మా,” అన్నాడు సాముయేలు, “నేను బెంచీ మారింది దోమల కోపానికి గాదు. మీ పక్కన నిలబడితె నా పాట నాకు దొరుకుతలేదు.”

తర్వాత సత్తయ్యనూ సాముయేలునూ కెజియా దోమల గదికి తీసుకుపోయింది. రెండు తలుపులు, మధ్యలో అద్దం, అన్నీ చూశారు. సాముయేలు అద్దంలో తన వీపు చూసుకుని, “మా బస్సులకు ఇసొంటి తలుపులుంటె టికెట్ లేనోడు ఒక్కడు దిగకపోయేటోడు” అన్నాడట. తిరిగి వచ్చి నా అరుగు మీద కూర్చున్నాడు.

“సంతకం వాపస్ తీసుకుంట. సత్తయ్య గుడ సీతారామారావుకు ఫోన్ చేస్తడు. గని నాదొక అర్జీ. రేపటి నుంచి మీరు క్వయర్ల నిలబడున్రి, పుస్తకం పట్టుకోన్రి, పెదాలు కదుపున్రి. పాట మాత్రం మాకిడిసిపెట్టున్రి.”

“ఊరి తరఫున నాది గుడ గదే అర్జీ,” అన్నాడు సత్తయ్య. అతను చర్చికే రాడు! “మా ఇంటిదాంక వినొస్తది,” అన్నాడు.

ఆలోచించుకుని చెబుతానన్నాను. క్వయర్ అంటే నాకు పెద్ద పట్టింపేమీ లేదు.

ఆగస్టు 17, ఆదివారం

క్వయర్ అంటే నాకు పెద్ద పట్టింపేమీ లేదు. పెళ్లయి ఈ ఊరికి వచ్చిన మొదటి ఆదివారం నుంచి ఆల్టో వరసలో, ఆడవాళ్ల కింది స్వరంలో, నిలబడ్డాను, అంతే.

ఆరాధనకు నీలం అంచు చీర కట్టుకున్నాను. నా చోట నేను నిలబడ్డాను. సాముయేలు వెనక గోడ దగ్గర నిలబడి నన్నే చూస్తున్నాడు. ముందు బెంచీలో కెజియా, ఒళ్లో చేతులు ముడుచుకుని. పాస్టర్ హార్మోనియం మీద వేళ్లు పెట్టి ఒక్క క్షణం ఆగాడు. ఇంతమంది నా నోటి వైపు చూడడం నా మొదటి పాఠం రోజున కూడా జరగలేదు.

పాట మొదలైంది. నోరు తెరిచాను. పెదాలు కదిపాను. గాలి కూడా బయటికి పోనివ్వలేదు.

రెండో చరణానికి సాముయేలు గోడ దగ్గర నుంచి నడిచి వచ్చి నా పక్క బెంచీలో నిలబడ్డాడు.

ఎన్నడూ లేనిది మా క్వయర్‌ను ఈ రోజు విన్నాను. ఇన్నేళ్లూ అందులో ఉండి వినలేదు. బాగుంది. ఇంత బాగుంటుందని ఎవరూ నాకు చెప్పలేదేం? చెప్పే ఉంటారు. నేను పాడుతూ ఉండి ఉంటాను.

మధ్యాహ్నం సీతారామారావు ఫోన్ చేశాడు. “మీ ఊరి పెద్దలంతా ఒకటే మాటండీ. గది ఉండనివ్వమంటున్నారు. ఏం మాయ చేశారు మేడమ్?”

“నోరు మూసుకున్ననండీ,” అన్నాను.

కెజియా ఇల్లంతా గంతులు వేసింది. నన్ను కూడా లాగింది. డెబ్బై దాటిన మోకాళ్లు, అయినా రెండు గంతులు వేశాను. భోజనం దగ్గర పెరుగు రెండుసార్లు వేసుకుంది. తర్వాత నా ఒళ్లో తల పెట్టి అడిగింది: “అవ్వా, పొద్దున నువ్వు సప్పుడు చెయ్యకుండ నిలబడ్డప్పుడు, లోపల పాటంత ఉండెనా?”

“నాలుగు చరణాలు. ఆల్టోతో సహా.”

“మరింక నువ్వు గుడ నా గుంటలల్ల ఉన్నదాని లెక్కనే. అంత రాసి ఉన్నది, గని మూగగ ఉన్నది.”

“అంటె నాకు జనాలకు జ్వరం తెప్పించే గుణమున్నదంటవ్.”

“ఉన్నదే. ఊరంత సంతకం పెడ్తది.”

నవ్వి నవ్వి దానికి ఎక్కిళ్లు వచ్చాయి.

ఆగస్టు 18, సోమవారం

కెజియా కొత్త విడత మొదలుపెట్టడానికి పోయింది. మారెమ్మ పొలానికి పోయింది. వాడకట్టు ఖాళీ.

వాకిలి తలుపు వేశాను. అది పూర్తిగా మూసుకున్నాక వంటింటి తలుపు వేశాను. అద్దం ముందు నిలబడి, నాలుగు చరణాలూ పాడాను. ఒక్కటి గుడ తప్పించుకోలే.